తీవ్ర హింసకు జైలు ఒక్కటే సమాధానమా? బాధితులు కోరితే సమాజం ఆ బాధ్యత తీసుకోవచ్చా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

ఒక యువకుడు మరొకరిని కత్తితో పొడిచాడని, గాయపడిన వ్యక్తి ప్రాణాలతో బయటపడ్డాడని అనుకుందాం. నేరం రుజువైతే న్యాయస్థానం ముద్దాయిని కొన్నేళ్లు జైలుకు పంపి కేసు ముగిస్తుంది. గాయపడిన వ్యక్తికి మాత్రం దాడి తనమీదే ఎందుకు జరిగిందో తెలియదు, పోయిన ఉద్యోగం తిరిగి రాదు, చీకటి పడ్డాక బయటికి వెళ్లాలంటే పట్టుకునే వణుకు తగ్గదు. పోనీ, జైలుకు వెళ్లినవాడు మారి వస్తాడా అంటే ఆ భరోసా కూడా లేదు. 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన వారి విషయంలో ఏం జరిగిందో అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం పరిశీలిస్తే, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మూడేళ్లలోనే, నాలుగింట మూడు వంతుల మంది అయిదేళ్లలోనే మళ్లీ అరెస్టయినట్లు తేలింది.

పునరుద్ధరణ న్యాయం అనే పద్ధతి ఇక్కడే భిన్నమైన దారి పట్టింది. ఎవరు ఏ చట్టాన్ని ఉల్లంఘించారు, ఎంత శిక్ష వేయాలి అన్నంతటితో ఆగకుండా, ఎవరికి ఏ హాని జరిగింది, వారికి ఇప్పుడు ఏం కావాలి, దాన్ని సమకూర్చే బాధ్యత ఎవరిది అని ఇది అడుగుతుంది. 1974లో కెనడాలోని ఎల్మైరా పట్టణంలో 22 చోట్ల ఆస్తులను ధ్వంసం చేసిన ఇద్దరు యువకులను బాధితుల ఇళ్లకే పంపి, నష్టం ఎంతో తెలుసుకుని చెల్లించేలా చేయడంతో దీనికి ఆధునిక కాలంలో నాంది పడిందని చెబుతారు. బాధితుల చేతుల్లోంచి రాజ్యం వారి వివాదాన్నే లాగేసుకుందని నార్వే నేరశాస్త్రవేత్త నిల్స్ క్రిస్టీ 1977లో చేసిన విమర్శ ఈ ఆలోచనకు బలమైన పునాది అయింది. 1989లో న్యూజిలాండ్, అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజల ఆవేదనను గుర్తించి, బాలల నేరాల విషయంలో కుటుంబ సమావేశాన్ని, అంటే నేరం చేసిన బాలుడు, అతని కుటుంబం, బాధితులు కలిసి కూర్చుని ఏం చేయాలో తేల్చుకునే పద్ధతిని, చట్టంలోనే చేర్చింది.

నా ప్రశ్న చిన్న దొంగతనాల గురించి కాదు, వాటి విషయంలో పెద్దగా వివాదం లేదు. తీవ్రమైన దాడి, దోపిడీ, లైంగిక హింస వంటి నేరాల్లో, బాధితులు స్వయంగా కోరుకున్నప్పుడు, జైలు శిక్షకు బదులుగా ఇటువంటి ప్రక్రియను అనుమతించవచ్చా? అనుమతించవచ్చని నేను నమ్ముతున్నాను. అయితే బాధితులు కాదన్న మరుక్షణం ఆ ప్రక్రియ ఆగిపోవాలన్న నిబంధనను నేను ఏ పరిస్థితిలోనూ వదులుకోను.

న్యాయవాది:

మీ ఉద్దేశాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. హింసాత్మక నేరం ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదు, సమాజం మొత్తంపై జరిగిన అపరాధం. అందుకే ప్రాసిక్యూషన్ బాధ్యతను రాజ్యం తన భుజాన వేసుకుంది. అంతకుముందు ఏం జరిగేదో చరిత్రలో కనబడుతూనే ఉంది. బలవంతుడు డబ్బిచ్చి తప్పించుకునేవాడు, బలహీనుడికి రాజీ పడడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. శతాబ్దాల తరబడి కష్టపడి బాధితుల మీది నుంచి తొలగించిన ఆ భారాన్ని, గాయం మాన్పుతామంటూ తిరిగి వారి మీదే పెడుతున్నామేమో ఆలోచించండి.

రెండో విషయం సమానత్వం. ఒకే విధమైన దాడి చేసిన ఇద్దరిలో ఒకరి బాధితురాలు సమావేశానికి ఒప్పుకుంటే అతను ఇంటికి వెళతాడు, మరొకరి బాధితురాలు ఒప్పుకోకపోతే అతను పదేళ్లు జైల్లో ఉంటాడు. ఇద్దరి నేరం ఒకటే అయినప్పుడు శిక్షలోని ఈ తేడాను ఏ సూత్రంతో సమర్థించగలం?

ముద్దాయి వైపు నుంచి కూడా చూడాలి. ఈ ప్రక్రియలో అడుగు పెట్టాలంటే ముందు చేసిన పనిని ఒప్పుకోవాలి. నిర్దోషి అయిన పేద యువకుడి ముందు ఒకవైపు దీర్ఘకాల జైలు, మరొకవైపు ఒప్పుకుంటే ఇంటిదారి అని పెడితే, అతను చేయని నేరాన్ని ఒప్పుకునే ప్రమాదం నిజంగా ఉంది. తన వాదన వినిపించుకునే హక్కు, సాక్షులను క్రాస్ ఎగ్జామినేషన్ చేసే హక్కు, అప్పీలు హక్కు అక్కడ నామమాత్రమవుతాయి. అత్యాచార కేసుల్లో రాజీకి గానీ మధ్యవర్తిత్వానికి గానీ తావు లేదని 2015లో భారత సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడం వెనుక, రాజీ పేరిట బాధితురాలిపై ఎంత ఒత్తిడి వస్తుందో న్యాయస్థానాలకు ఉన్న అనుభవం ఉంది.

బాధిత కుటుంబ సభ్యురాలు:

నా సోదరుడిపై జరిగిన దాడి కేసులో తీర్పు వచ్చి చాలా కాలమైంది. వాయిదాల పొడవునా మేము సాక్షులం మాత్రమే. అడిగిన దానికే సమాధానం చెప్పాలి, మా ప్రశ్న అడగడానికి ఆ గదిలో చోటు లేదు. శిక్ష పడిన రోజున అందరూ మాకు న్యాయం జరిగిందన్నారు. ఆ వ్యక్తి ఆ రాత్రి మా సోదరుడినే ఎందుకు ఎంచుకున్నాడో, కిందపడ్డాక కూడా ఎందుకు ఆపలేదో మాకు ఈనాటికీ తెలియదు.

న్యాయవాది గారు భారం అన్నారు. నన్ను ఏమీ అడగకుండా పక్కన పెట్టడం కూడా నాకు భారంగానే అనిపించిందని వారు గమనించాలి. అయితే ఈ పద్ధతిని సమర్థించేవారికి కూడా ఒక మాట చెప్పాలి. క్షమించమని నన్ను ఎవరూ అడగవద్దు. బాధితులు క్షమించడంతో ముగియకపోతే సమావేశం విఫలమైందని భావించేవారు నడిపే చోటికి నేను రాను. నాకు జవాబులు కావాలి, అవి విన్నాక నా మనసు ఎటు వెళుతుందన్నది నా సొంత విషయం.

పరిశోధక విద్యార్థి:

పై సభ్యురాలి మాటను ముందుగా బలపరుస్తున్నాను. ఈ రంగంలో బాధ్యతగా పనిచేసేవారు బాధితులు క్షమించి తీరాలని షరతు పెట్టరు. నేరం చేసిన వ్యక్తి క్షమాపణ చెప్పడం వేరు, బాధితులు క్షమించడం వేరు. రెండోదాన్ని ఎవరూ కోరకూడదు.

ఇక ఆధారాల సంగతి. చిన్న నేరాలకే ఈ పద్ధతి పనికొస్తుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది గానీ, పరిశోధనలు దాదాపు తలకిందులుగా చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 1995 నుంచి 2000 వరకు జరిగిన ప్రయోగాల్లో కొందరిని చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా న్యాయస్థానానికి, కొందరిని బాధితులు పాల్గొనే సమావేశానికి పంపారు. హింసాత్మక నేరాలు చేసిన యువకుల్లో, సమావేశానికి వెళ్లినవారు తిరిగి నేరం చేయడం గణనీయంగా తగ్గింది. మద్యం తాగి వాహనం నడిపినవారిలో అటువంటి మేలు కనబడలేదు. ఆ నేరంలో ఎదురుగా కూర్చుని, నీవల్ల నాకిది జరిగిందని చెప్పే మనిషి ఉండకపోవడమే కారణమని నా అభిప్రాయం. 2013లో ఇటువంటి 10 యాదృచ్ఛిక ప్రయోగాలను కలిపి సమీక్షించినప్పుడు, తిరిగి నేరం చేయడం ఓ మోస్తరుగా తగ్గిందని, ముఖాముఖి కూర్చున్న బాధితుల్లో ఆఘాతం తాలూకు లక్షణాలు, పగ తీర్చుకోవాలన్న కోరిక తగ్గాయని తేలింది. అయితే ఆ ప్రయోగాల్లో చేరినవారు ముందే సమావేశానికి ఇష్టపడినవారు. కాబట్టి ఇష్టం లేనివారిని కూర్చోబెట్టినా ఇదే ఫలితం వస్తుందని ఎవరూ వాదించకూడదు.

మీరు అడిగిన తీవ్ర హింసకు దగ్గరి ఉదాహరణ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉంది. డానియెల్ సెరెడ్ అక్కడ స్థాపించిన కామన్ జస్టిస్ అనే సంస్థ, తీవ్రమైన దాడులు, దోపిడీలు చేసిన యువకుల కేసులను చేపడుతుంది. అడుగడుగునా ఉన్న తలుపులు గమనించండి. మొదట ప్రాసిక్యూటర్ అంగీకరించాలి. తర్వాత బాధితులు అంగీకరించాలి. ముద్దాయి న్యాయస్థానంలో, తన న్యాయవాది సమక్షంలో, నేరాన్ని ఒప్పుకోవాలి. ఆ తర్వాత నెలల తరబడి సన్నాహం జరుగుతుంది. ముద్దాయి తాను చేసినదాన్ని సాకులు లేకుండా చెప్పగలిగే స్థితికి, బాధితులు తమకు కావలసినదాన్ని నిర్భయంగా అడగగలిగే స్థితికి వచ్చాకే అందరూ ఒకచోట కూర్చుంటారు. అక్కడ కుదిరే ఒప్పందంలో నష్టపరిహారం, చదువు, ఉద్యోగం, సమాజ సేవ వంటి నిర్దిష్టమైన పనులు ఉంటాయి. వాటిని ఏడాదికి పైగా సాగే పర్యవేక్షణలో పూర్తి చేస్తే తీవ్ర నేరారోపణను కొట్టివేస్తారు, చేయకపోతే జైలు తప్పదు. ఈ అవకాశం గురించి విన్న బాధితుల్లో సుమారు 90 శాతం మంది ముద్దాయిని జైలుకు పంపడం కన్నా ఈ మార్గాన్నే ఎంచుకున్నారని సంస్థ చెబుతోంది. వారందరూ దయతో ఎంచుకోలేదని, తమకు జరిగినది మరొకరికి జరగకూడదన్న ఆలోచనతోనే చాలామంది ఎంచుకున్నారని సెరెడ్ వివరిస్తారు. అయితే ఆ సంస్థ లైంగిక హింస, దాంపత్య హింస కేసులను చేపట్టలేదు. ఆ గీత ఎందుకు గీసుకున్నారన్నది ఈ చర్చకు చాలా ముఖ్యం.

న్యాయవాది గారి సమానత్వ వాదన బలమైనదే. కానీ ఇప్పుడున్న వ్యవస్థలో కూడా ఒకే నేరానికి ఒకే శిక్ష పడడం లేదు. ఏ న్యాయవాదిని పెట్టుకోగలిగారు, ఏ న్యాయమూర్తి ముందుకు కేసు వచ్చింది, ముద్దాయి ఏ వర్గం వాడు అన్నవాటిని బట్టి శిక్ష మారుతూనే ఉంది. ఆ తేడాలన్నీ సహిస్తూ, బాధితుల కోరిక వల్ల వచ్చే తేడాను మాత్రమే అన్యాయమనడం నాకు సమంజసంగా తోచదు.

ఆశ్రయ కేంద్రం కార్యకర్త:

విద్యార్థి గారు ప్రస్తావించిన ఆ గీత గురించే నేను రాయదలచుకున్నాను. వీధిలో అపరిచితుడు చేసిన దాడి ఒక రాత్రి జరిగి ముగుస్తుంది. ఇంట్లో జరిగే హింస అలా కాదు. భార్య ఫోనులో ఎవరితో మాట్లాడాలో, డబ్బు ఎంత ఖర్చు పెట్టాలో, తల్లిదండ్రుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో నిర్ణయిస్తూ ఏళ్ల తరబడి సాగే ఆధిపత్యంలో దెబ్బ ఒక భాగం మాత్రమే. ఆ మనిషికి క్షమాపణ చెప్పడం కొత్త కాదు. కొట్టిన ప్రతిసారీ కన్నీళ్లతో క్షమాపణ చెప్పి, కొంతకాలం ప్రేమగా ఉండి, మళ్లీ కొట్టడమే ఆ హింస స్వరూపం. అటువంటి వ్యక్తిని పదిమంది మధ్య కూర్చోబెట్టి పశ్చాత్తాపం చెప్పించామంటే, అతనికి బాగా అలవాటైన ఆయుధాన్నే మళ్లీ చేతికిచ్చినట్లు అవుతుంది. అతను గదిలో మామూలుగా అనే ఒక్క మాట, చూసే ఒక్క చూపు నిర్వాహకులకు అర్థం కాకపోవచ్చు గానీ ఆమెకు అది బెదిరింపే.

ఆమె సమ్మతి సంగతి కూడా చెప్పాలి. పిల్లల భవిష్యత్తు, ఇంటి అద్దె, ఇరువైపుల బంధువుల ఒత్తిడి మధ్య ఆమె సరేనంటే, దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతిగా నేను ఎలా పరిగణించగలను? మహిళల పట్ల వివక్ష నిర్మూలనకై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన కమిటీ 2015లో, మహిళలపై హింసకు సంబంధించిన కేసులను ఎట్టి పరిస్థితిలోనూ మధ్యవర్తిత్వం వంటి ప్రత్యామ్నాయ పరిష్కార ప్రక్రియలకు పంపకూడదని సిఫార్సు చేసింది. మహిళలపై హింసను అరికట్టేందుకు ఐరోపా దేశాలు చేసుకున్న 2011 నాటి ఇస్తాంబుల్ ఒడంబడిక ఇటువంటి కేసుల్లో తప్పనిసరి మధ్యవర్తిత్వాన్ని నిషేధించింది. ఇవి మహిళా ఉద్యమాలు పోరాడి తెచ్చుకున్న రక్షణలు. ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోవాలన్న పాత మాటను మళ్లీ, ఈసారి మంచి భాషలో వినడానికి నేను సిద్ధంగా లేను.

సామాజిక కార్యకర్త:

కార్యకర్త గారి భయం నాకు తెలుసు, దాన్ని తేలికగా తీసుకోవడం లేదు. కానీ ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవారిలో చాలామంది హింసకు గురైన స్త్రీలే అన్నది కూడా చర్చలోకి రావాలి. 2000లో అమెరికాలో నల్లజాతి, ఆదివాసీ, వలస మహిళలు కలిసి ఏర్పరచిన ఇన్‌సైట్ అనే సంస్థ, పోలీసులకు ఫోను చేయడం తమలో చాలామందికి రక్షణ కాదని బహిరంగంగా చెప్పింది. పత్రాలు లేని వలస స్త్రీ ఫిర్యాదు చేస్తే ఆమెనే దేశం నుంచి పంపేయవచ్చు. తిరగబడి కొట్టిన స్త్రీని కూడా అరెస్టు చేయవచ్చు. వారు కోరింది ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయడం కాదు. ఆమెకు సురక్షితమైన చోటు చూపడం, అతని స్నేహితులు, సహోద్యోగులు అతన్ని వెనకేసుకు రాకుండా నిలదీయడం, అతను ఆమె దగ్గరికి వెళ్లకుండా కాపలా ఉండడం వంటి పనులు సమాజం చేయాలని కోరారు. ముఖాముఖి సమావేశమే అక్కర్లేని మార్గం ఇది.

లైంగిక హింస విషయంలో కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఉన్న హాలో వాటర్ అనే ఆదివాసీ సమాజపు అనుభవాన్ని కూడా చూడాలి. తరతరాలుగా కుటుంబాల్లో సాగుతున్న లైంగిక హింసను 1980ల మధ్యలో వారు బయటికి చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు మౌనానికి ఒక కారణం, నోరు విప్పితే మనిషి జైలుకు పోతాడన్న భయం. పదమూడు దశల ప్రక్రియను రూపొందించుకుని, హాని చేసిన వ్యక్తి న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాకే వారు అతని బాధ్యత తీసుకున్నారు. హింసకు గురైన బిడ్డ భద్రత అన్నిటికన్నా ముందు వచ్చేది. 2001లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ మార్గంలో నడిచిన 107 మందిలో ఇద్దరు మాత్రమే తిరిగి నేరం చేశారు. ఒకరినొకరు ఎరిగిన చిన్న సమాజంలో సాధ్యమైనది మహానగరంలో సాధ్యమవుతుందని నేను అనను. కానీ లైంగిక హింసను ఈ చర్చ నుంచి పూర్తిగా తొలగించమంటే మాత్రం ఒప్పుకోలేను.

న్యాయవాది:

సమాజం అన్న మాట ఇక్కడ అందరూ ఎంతో నమ్మకంగా వాడుతున్నారు. 1994 నరమేధం తర్వాత రువాండాలో జైళ్లు లక్షమందికి పైగా ఖైదీలతో కిక్కిరిసిపోయాయి. సాధారణ న్యాయస్థానాలు వారందరినీ విచారించాలంటే తరాలు పట్టేది. అందుకే గచాచా అనే గ్రామ న్యాయస్థానాలను ఏర్పాటు చేశారు. 2012లో మూసివేసేనాటికి సుమారు 12,000 గచాచాలు దాదాపు 19 లక్షల కేసులను తేల్చాయి. కుటుంబాలకు తమవారి శవాలు ఎక్కడున్నాయో తెలిసింది, ఇది చిన్న విషయం కాదని ఒప్పుకుంటాను. కానీ ముద్దాయిలకు న్యాయవాది లేడు. పాత కక్షలతో ఆరోపణలు చేసినవారు, భయపడి సాక్ష్యం చెప్పనివారు ఉన్నారు. యుద్ధంలో గెలిచి అధికారంలోకి వచ్చిన పక్షపు సైనికులు చేసిన హత్యలు ఆ న్యాయస్థానాల ముందుకు రానేలేదు. న్యాయపీఠంపై సమాజం కూర్చున్నప్పుడు ఆ సమాజంలోని భయాలు, పక్షపాతాలు కూడా దానితో పాటే కూర్చుంటాయి.

ఒప్పందం విఫలమైతే ఏమవుతుందన్నదానికి కూడా జవాబు కావాలి. సమావేశంలో మనసు విప్పి చెప్పిన మాటలు తర్వాత విచారణలో సాక్ష్యమైతే, అది ముద్దాయిని మోసం చేయడమే.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

2002లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి ఆమోదించిన మౌలిక సూత్రాలు మీ చివరి ప్రశ్నను ముందే గుర్తించాయి. పాల్గొన్నంత మాత్రాన దాన్ని తర్వాతి విచారణలో నేరాంగీకారానికి ఆధారంగా వాడకూడదు, బహిరంగం కాని చర్చ గోప్యంగా ఉండాలి, ఒప్పందం అమలు కాలేదన్న కారణంతో మరింత కఠినమైన శిక్ష వేయకూడదు. 2012 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం, బాధితుల మేలు కోసమైతేనే, వారి సమ్మతి ఉంటేనే ఈ ప్రక్రియ జరగాలని, ఆ సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చెబుతుంది. గచాచాలో ఇవేవీ లేవు. అందుకే దాన్ని నేను ఈ పద్ధతికి నమూనాగా తీసుకోను. కాకపోతే, హద్దులు లేకుండా సమాజానికి అధికారం ఇస్తే ఏమవుతుందో చెప్పే సాక్ష్యంగా మీతో పాటు నేనూ తీసుకుంటాను.

ఆశ్రయ కేంద్రం కార్యకర్త గారి వాదన నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. బాధితులు కాదంటే ఆపేయాలన్న నిబంధన చాలుననుకున్నాను. కాదనగలిగే స్థితిలో ఆమె ఉందో లేదో ముందుగా చూడాలి. వేరే ఇల్లు, స్వంత ఆదాయం, ఆమె పక్షాన మాత్రమే నిలిచే సలహాదారు లేకుండా దాంపత్య హింస కేసులో ఆమె సమ్మతిని అడగనే కూడదని ఇప్పుడు అనుకుంటున్నాను. వీటికి డబ్బు కావాలి. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో ఈ పద్ధతిని మొదలుపెట్టే ప్రభుత్వం మొట్టమొదట కోత పెట్టేది వీటికే, కనుక ఆ ఆశతో మొదలుపెట్టేవారిని నేను సమర్థించను.

బాధిత కుటుంబ సభ్యురాలు:

తీర్పు వచ్చేసినవారి మాటేమిటి? శిక్ష తగ్గించమని నేను అడగను, తగ్గితే ఊరుకోను కూడా. అయినా ప్రశ్నలు అడగాలని ఉంది. దానికి మార్గం ఉందా?

పరిశోధక విద్యార్థి:

ఉందండీ. అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర జైళ్ల శాఖ 1993 నుంచి ఇటువంటి ముఖాముఖిని నిర్వహిస్తోంది. హత్య కేసులు కూడా అందులో ఉన్నాయి. బాధితులు లేదా వారి కుటుంబం అడిగితేనే అది మొదలవుతుంది, ఖైదీ అడిగితే కాదు. ఖైదీ ఒప్పుకున్నందుకు శిక్ష తగ్గదు, పెరోల్‌లో అనుకూలత ఉండదు. ఖైదీ ఏమీ ఆశించకుండా వస్తాడు కాబట్టే ఆ మాటలకు విలువ ఉంటుందని అక్కడివారి అభిప్రాయం. ముందు ఇరువైపులా నెలల తరబడి సన్నాహం ఉంటుంది, ఏ దశలోనైనా మీరు ఆపేయవచ్చు. ఖైదీ నిరాకరిస్తే మాత్రం సమావేశం ఉండదు, బలవంతపు జవాబు మీకు జవాబు కాదు.

న్యాయవాది:

ఇటువంటి ఏర్పాటుకు నాకు అభ్యంతరం లేదు. పైగా ప్రతి జైళ్ల శాఖా దీన్ని ప్రారంభించాలని కోరుతాను. అయితే ఇది శిక్షతో పాటు నడిచేది, శిక్షకు బదులుగా వచ్చేది కాదు. మొదట అడిగిన ప్రశ్న శిక్షకు బదులుగా అన్నదాని గురించి. అక్కడ ప్రాసిక్యూటర్, న్యాయమూర్తి, ముద్దాయి తరఫు న్యాయవాది ముగ్గురూ ఆద్యంతం ఉండే బ్రూక్లిన్ తరహా పద్ధతి వరకు వీధి దాడుల్లో ప్రయత్నించవచ్చని అంగీకరిస్తున్నాను. ఇంటి లోపలి హింస విషయంలో నా అభిప్రాయం మారలేదు.